సంగీత పాఠశాల అని రాసిన గోదాము

పెద్ద తుఫాను వచ్చి పోయిన మరుసటి ఏడాది విజయనగరంలో ఏ కిరాణా కొట్టుకు వెళ్లినా మా నాన్న ఫొటో కనిపించేది. ఒక వంటనూనె కంపెనీ వేయించిన క్యాలెండరు అది. నాన్న భుజాన పట్టుకండువా, పెదవుల దగ్గర సన్నాయి, కళ్లు మూసుకుని ఉన్నారు. ఆయన కింద నూనె ప్యాకెట్టు. దుకాణాల వాళ్లు దాన్ని గల్లాపెట్టె వెనక గోడకు తగిలించారు. సామాన్లకు వెళ్లినప్పుడల్లా నేను ఒకసారి దాని వైపు చూసి, చూడనట్టు నిలబడేదాన్ని.

మాది తరాలుగా గుళ్లో సన్నాయి వాయించే కుటుంబం. నాన్నకు ఊళ్లో గౌరవం ఉండేది గానీ అది పెళ్లి పందిట్లోంచి బయటికి వచ్చేది కాదు. సాయంత్రాలు మా ఇంటి అరుగు మీద పేటలోని పిల్లలకు పాఠం చెప్పేవారు. వాన వస్తే పాఠం ఆగిపోయేది. సన్నాయికంటూ ఒక బడి ఉండాలని ఆయన కోరిక. కంపెనీ మేనేజరు ఇంటికి వచ్చి, సంగీతం కోసం ఒక ట్రస్టు పెడుతున్నామనీ, బడి కడతామనీ, దానికి మీరే అధ్యక్షులుగా ఉండాలనీ అడిగినప్పుడు నాన్న అక్కడికక్కడే ఒప్పుకున్నారు. కాగితాలు నేనే చదివి వినిపించాను. నేను గజపతినగరం దగ్గర హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఆ కాగితాల్లో తప్పు పట్టాల్సింది నాకేమీ కనపడలేదు. ఇప్పుడు చదివినా కనపడదు.

నాన్న దగ్గర చిన్నప్పటి నుంచి పెరిగిన శిష్యుడు ఒకతను ఉండేవాడు. పెళ్లిళ్లకు నాన్న పక్కన డోలు వాయించేవాడు. మిగతా రోజుల్లో ఆటో నడిపేవాడు. ఒక రోజు మధ్యాహ్నం ఆటో బయట ఆపి వచ్చి, ఎప్పటిలా నేల మీద కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మాస్టారూ, బైపాసు పక్కన మీ పేరున ఒక బడి ఉన్నాది. ఎప్పుడైనా ఎల్లి సూసినారేటి?"

"కడతన్నారని సెప్పేరు. అయ్యాక పిలుస్తారు."

"కట్టడం ఎప్పుడో అయిపోనాది. అందులో పిల్లలు నేరు. నూనె డబ్బాలున్నాయి."

తుఫానుకు కూలిన వీధి దీపాలు వాళ్ల పేటలో ఇంకా లేవలేదు. కాలువ పూడిపోయి మురుగు ఇళ్లలోకి వస్తోంది. కుర్రవాళ్లంతా కలిసి మునిసిపాలిటీకి వెళితే డబ్బులు లేవన్నారట. పెద్ద పెద్ద భవనాలున్నాయి కదా, వాటి పన్నులేమయ్యాయని అడిగితే అప్పుడు ఈ సంగతి బయటపడింది. కంపెనీ తన లాభంలో కొంత ట్రస్టుకు విరాళంగా రాస్తుంది. విరాళం కాబట్టి దాని మీద పన్ను ఉండదు. ట్రస్టు ఆ డబ్బుతో భవనం కట్టింది. సంగీత పాఠశాల కాబట్టి ఆ భవనానికీ పన్ను లేదు. ఆ భవనంలో కంపెనీ నూనె ఉంటుంది. అతను ఇదంతా తడుముకుంటూ చెప్పాడు. నాన్న పరువుకు దెబ్బ తగలకుండా చెప్పాలని చూస్తున్నట్టు నాకు అనిపించింది.

"రేపటేల నుంచి ఆ నూనె కొనొద్దని ఊరంతా సెప్తాం మాస్టారూ. ఈలోపల మీరు పేరు తీయించీసుకోండి. మీ మీదికి మాట రాకూడదు."

నాన్న ముఖం ఎర్రబడింది. "నా బొమ్మ నాలుగు గోడల మీద కనపడీసరికి నీకు కళ్లు కుడతన్నాయిరా," అన్నారు.

అతను తలెత్తి చూశాడు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఆ తర్వాతి ముహూర్తానికి నాన్న పక్కన వేరెవరో డోలు వాయించారు.

'పన్ను కట్టని నూనె మనకొద్దు' అన్న కాగితాలు ఆటోల వెనక వెలిశాయి. వాట్సాపులో ఆ గోదాము ఫొటోలు తిరిగాయి. మా స్టాఫ్‌రూములో కూడా తిరిగాయి. నేను లోపలికి వెళ్లినప్పుడు ఫోన్లు బల్ల మీద బోర్లా పెట్టేవారు. గంటస్తంభం దగ్గర నూనె ప్యాకెట్ల బొమ్మలున్న అట్టలూ బోర్డులూ పోగేసి తగలబెట్టిన రోజున నేను కందిపప్పు కోసం మా వీధి కొట్టుకు వెళ్లాను. క్యాలెండరు మేకుకే ఉంది. కానీ గోడ వైపుకు తిప్పి ఉంది. తెల్లటి వీపు మాత్రం కనిపిస్తోంది.

దుకాణదారు నా చూపు గమనించాడు. "తగలెట్టడానికి ఇమ్మని అడిగినారమ్మా. మాస్టారి బొమ్మ మంటలో ఎలాగేస్తాం? ఇవ్వలేదు. కనబడీలా ఉంచలేను గదా, అందుకని అలా తిప్పీసినాను," అన్నాడు. అతను నాకు మేలు చేసినట్టే చెప్పాడు. నిజంగా మేలే చేశాడు. నేను పప్పు తీసుకోవడం మరిచి వచ్చేశాను.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆయనే ఒక సాయంత్రం బజారుకు వెళ్లి ఖాళీ సంచితో తిరిగొచ్చారు. వీధి మొదలు నుంచి చివరి దాకా అన్ని కొట్లలోనూ క్యాలెండర్లు అలాగే తిప్పి ఉన్నాయట. "ఒక్కడూ సింపలేదే," అన్నారు. ఆ మాటలో కోపం లేదు. చింపేసి ఉంటే బాగుండేదన్నట్టు అన్నారు.

మరునాడు మేమిద్దరం జంక్షన్లో నడుస్తున్నాం. అక్కడ ఒకావిడ చేపలు వేయించి అమ్మేది. భోగాపురం దాటి సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. మొగుడు వేటకు వెళ్తాడు, ఈవిడ తెచ్చి ఇక్కడ అమ్ముకుంటుంది. నాన్నను చూసి లేచి నిలబడింది.

"బాబూ, ఏటనుకోకండి. మీ నూనె మానీసినాను. అందరూ మానీసినారని నానూ మానీసినాను. ఈ కొత్త నూనె కరీదు ఎక్కువే, మరిగీసరికి పొంగిపోతన్నాది గూడా. గానీ మా ఊళ్లోనూ లైట్లు నేవు గదా."

ఆవిడ నాన్నను క్షమించమని అడుగుతోంది. నాన్న చేతులు జోడించబోయి, మధ్యలో దించేశారు.

ఆ ఆదివారం నేనూ నాన్నా బైపాసు దగ్గరికి వెళ్లాం. భవనం నిజంగా పెద్దది. గేటు మీద వీణ బొమ్మ, 'సంగీత పాఠశాల' అన్న అక్షరాలు, కింద నాన్న పేరు. లోపల హాలు నిండా అట్టపెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. నడవడానికి సన్నటి దారి. ఆ చివర ఒక చిన్న గదిలో తివాచీ, హార్మోనియం, గోడ మీద సరస్వతి పటం. హార్మోనియం మీద ప్లాస్టిక్ కవరు తీయలేదు.

కాపలావాడు ఫోను చేస్తే మేనేజరు వచ్చాడు. కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. ఎక్కడా గొంతు పెంచలేదు.

"మాస్టారూ, మేము దొంగతనం చేయలేదు. కట్టాల్సిన పన్ను కడుతున్నాం. కట్టక్కర్లేనిది కట్టట్లేదు. అమ్మాయిగారు టీచరు కదా, జీతం మీద పన్ను తగ్గడానికి ఏదో ఒకటి కట్టే ఉంటారు. చట్టం ఇచ్చిన సదుపాయం ఎవరైనా వాడుకుంటారు."

నేను కట్టే ఇన్సూరెన్సు గుర్తొచ్చి తల దించుకున్నాను. అది వేరు, ఇది వేరు అని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు తోచలేదు.

నాన్న టీ ముట్టుకోలేదు. "మరి పిల్లలేరీ బాబూ?" అన్నారు.

"రావట్లేదు మాస్టారూ. మేము తలుపులు మూయలేదు కదా."

అప్పుడే నాకొక ఆలోచన వచ్చింది. ఇంటికి వచ్చే దారిలో నాన్నతో అన్నాను. "తలుపులు మూయలేదంటున్నాడు కదా. మన అరుగు మీది పిల్లల్ని అక్కడికి తీసుకెళ్దాం. బడి అని రాసుకున్నారు. నిజంగానే బడి చేసేద్దాం."

నాన్న ముఖంలో ఎన్నో రోజుల తర్వాత వెలుగు వచ్చింది. పేరు తీయించుకోవడం కన్నా, ఆ పేరుకు తగ్గట్టు చేయడం ఆయనకు నచ్చింది. నాకూ అదే సరైన పని అనిపించింది. ఆ శిష్యుడిని ఒక్క మాట అడుగుదామని మా ఇద్దరికీ తోచలేదు. తోచినా నాన్న అడగలేకపోయేవారు.

మేనేజరు ఒక్క ఫోనుకే ఒప్పుకున్నాడు. మేము వెళ్లేసరికి హాల్లో సగం ఖాళీ చేయించి, తివాచీలు పరిపించి ఉంచాడు. పిల్లల్ని నేనే రెండు ఆటోల్లో తీసుకెళ్లాను. పైన ఫ్యాన్లు తిరుగుతుంటే వాళ్లు వెల్లకిలా పడుకుని చూశారు. నాన్న వాళ్లను లేపి కూర్చోబెట్టి సరళి వరసలు మొదలుపెట్టారు. ఆ పెద్ద హాల్లో శబ్దం గోడలకు తగిలి తిరిగొస్తుంటే ఆయన మధ్యలో ఆపి, మళ్లీ వాయించమని వింటూ కూర్చున్నారు. అంత సంతోషంగా ఆయన్ని నేను చాలాకాలంగా చూడలేదు.

తర్వాతి రోజుల్లో ఒక ఫొటోగ్రాఫరు వచ్చాడు. కంపెనీ వాళ్లు ఫొటోలు తీసుకోవడం మామూలే అనుకున్నాం. ఒక పాప వేళ్లు సన్నాయి రంధ్రాల మీద సరిగ్గా పెడుతూ నేను నవ్వుతున్నప్పుడు తీశాడు. పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది ఆ ఫొటోయే. మునిసిపాలిటీ అధికారి వచ్చి చూశారనీ, పాఠశాల చక్కగా నడుస్తోందనీ, ఆరోపణలు నిజం కాదని తేలిందనీ రాశారు. పేపరు మధ్యలో రంగు కరపత్రం కూడా పెట్టి పంచారు. దాని మీదా నేను నవ్వుతున్నాను.

ఊళ్లో గొడవ అక్కడితో చల్లారింది. దుకాణాల్లో ఆ నూనె మళ్లీ ముందు వరసలోకి వచ్చింది. కంపెనీ కొన్నాళ్లు ధర తగ్గించి అమ్మింది. కొననని చెప్పిన వాళ్లు ఏ సంకోచమూ లేకుండా కొనుక్కున్నారు. మాస్టారే స్వయంగా పాఠం చెబుతుంటే ఇంకేం కావాలి? స్టాఫ్‌రూములో ఒకరిద్దరు నన్ను అభినందించారు. నేను ధన్యవాదాలు చెప్పాను.

ఆ తర్వాతి వారం మేము పిల్లలతో వెళ్లేసరికి తివాచీల మీద పెట్టెలున్నాయి. పండగల సరుకు వచ్చిందనీ, కొన్నాళ్లు ఆగమనీ కాపలావాడు గేటు అవతలి నుంచే చెప్పాడు. ఆటోలు అక్కడే తిప్పించి ఇంటికి వచ్చాం. నేను కంపెనీ వాళ్లకు ఎంత అవసరమైన సాయం చేశానో ఆ ఆటోలో కూర్చుని మెల్లగా అర్థం చేసుకున్నాను. వాళ్ల దగ్గర లేనిది పిల్లలు మాత్రమే. ఆ పిల్లల్ని నేనే చేయి పట్టుకుని తీసుకెళ్లి ఇచ్చాను.

నాన్న తన శిష్యుడిని వెతుక్కుంటూ ఆటో స్టాండుకు వెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను. అంతమంది ముందు నాన్న, "నువ్వు సెప్పింది నిజమేరా. నేనే అనరాని మాట అన్నాను," అన్నారు. ఆయన ఒకరిని క్షమించమని అడగడం నేను అంతకు ముందు చూడలేదు.

అతను ఆటోలోంచి దిగాడు. "కూకోండి మాస్టారూ," అని సీటు తుడిచాడు. నాన్న కూర్చోలేదు.

"మళ్లీ మొదలెడదాం. ఈసారి నేనూ వస్తాను. బడి నేదని నా నోటితోనే సెప్తాను," అన్నారు.

అతను తుడిచిన గుడ్డను సీటు కింద పెట్టాడు. "జనం ఒక పాలి మానీసినారు మాస్టారూ. మనం పొరపాటు పడ్డామని ఆల్లకి తేలిపోనాది. మళ్లీ మానండంటే ఎవులు మానతారు? మా కుర్రోల్లే రారు. అబద్దం సెప్పీసినామని ఆల్లనే తిడతన్నారు." నా వైపు చూడకుండా, "అక్క పొటో బాగా ఒచ్చింది," అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. అందుకే అది నాకు ఇంకా గుర్తుంది.

నాన్న ట్రస్టుకు రాజీనామా రాశారు. కంపెనీ వాళ్లు నొచ్చుకోలేదు. ఒక చిన్న సభ పెట్టి, ఆరోగ్య కారణాల వల్ల విశ్రాంతి తీసుకుంటున్నారని చెప్పి, శాలువా కప్పారు. నాన్న మైకు అందుకుని ఏదో చెప్పబోయారు. కానీ అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. మైకు వెనక్కి తీసుకున్నారు. ఆ శాలువా ఇంటికి తేకుండా కుర్చీలోనే వదిలేస్తే, ఆయన మరిచిపోయారనుకుని ఎవరో బైకు మీద తెచ్చి ఇచ్చి వెళ్లారు.

పాఠాలు మళ్లీ అరుగు మీదే సాగాయి. ఉక్కగా ఉన్న రోజు పిల్లల్లో ఎవరో, "ఫేనులున్న బడికి ఎప్పుడు ఎల్తాం మాస్టారూ?" అని అడిగేవారు. నాన్న వినపడనట్టు శ్రుతి అందుకునేవారు. డోలు శిష్యుడు పెళ్లిళ్లకు తిరిగి వచ్చాడు. పాత మాటలు వాళ్లిద్దరూ ఎత్తుకోలేదు. కానీ ఇదివరకు కీర్తన మధ్యలో ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకునేవారు. అది పోయింది.

ఒక సాయంత్రం జంక్షన్లో చేపలావిడ మమ్మల్ని చూసి చేయి ఊపి పిలిచింది. ముఖం నిండా నవ్వు.

"బాబూ, మళ్లీ మీ నూనే కొంటన్నాను. పేపర్లో సూపించినారు. మీ బడి బాగా నడుస్తన్నాదంట గదా. ఈ అమ్మ గూడా ఉన్నాది అందులో."

నేను నాన్న చేయి పట్టుకున్నాను. వెళ్లిపోదామని. ఆయన కదల్లేదు.

"నడవడం నేదమ్మా," అన్నారు. "అది బడి కాదు. గోదామే. నువ్వు మానీసినప్పుడు సేసిందే సరైన పని."

ఆవిడ నవ్వు ఒక్కసారిగా పోలేదు. మూకుడులో చేప తిరగేసి, నాన్న వైపూ నా వైపూ చూసింది. "మరి పేపర్లో ఏసినారు గదా బాబూ, పిల్లలూ మీరూ," అంది.

"ఏసినారమ్మా."

ఆవిడ పక్కనున్న ఆ కంపెనీ నూనె డబ్బాను చూసుకుంది. అప్పుడే మూత తీసినట్టుంది. "ఇది ఇప్పేసినాను బాబూ. అయిపోనీండి, సూత్తాను," అంది. తర్వాత ఇంకో బేరం వస్తే అటు తిరిగింది. మేము ఇంకా అక్కడే నిలబడి ఉన్నామని గమనించి, కూర్చోమని చెక్క బల్ల మా వైపు జరిపింది.