బ్యాలెట్‌లో ఇద్దరైన అమ్మాయి

2023 వేసవి. ఎడ్మంటన్‌లో చిన్న చిన్న ఆటల లీగులకు వెబ్‌సైట్లు నడిపే కంపెనీలో డేటా పని నాది. పదకొండేళ్లుగా అదే కుర్చీ. లీగుల వాళ్లు ఆటగాళ్ల పేర్లూ స్కోర్లూ పంపుతారు, మేము పట్టికలు తయారుచేసి పెడతాం. ఏడాదికోసారి ఆల్‌స్టార్ ఓటింగ్ కూడా మా చేతిమీదుగానే జరుగుతుంది. ఆల్‌స్టార్ అంటే అన్ని జట్లలోంచి మేటి వాళ్లను ఏరి ఆడించే ఒకే ఒక్క మ్యాచ్. సగం విలువ జనం ఓట్లకు, సగం కోచ్‌ల ఓట్లకు.

బేస్‌బాల్ నాకు పెద్దగా తెలియదు. పిచర్ అంటే మన బౌలర్ లాంటిదని తెలుసు, అంతే. ఆట తెలియకపోయినా పేర్లు సరిగ్గా ఉంటే చాలనుకునేదాన్ని. పేర్ల విషయంలో నన్ను తప్పుపట్టేవాళ్లు లేరని కాస్త పొగరు కూడా ఉండేది.

మహిళల బేస్‌బాల్ లీగ్ ఫలితాలు పెట్టిన మర్నాడు పొద్దున్నే హెల్ప్‌లైన్ మోగింది. అవతల ఒకావిడ తడబడుతూ ఇంగ్లీషులో మొదలుపెట్టింది. రెండు మాటలకే గోదావరి యాస పట్టేశాను.

"మీరు తెలుగువారా అండీ?"

"అమ్మయ్య! తెలుగేనా తల్లీ! బతికించారు. నా పేరు మేరీ సుశీల, మాది కాకినాడ. ఇక్కడ వృద్ధుల కేర్ హోమ్‌లో చేస్తాను. మా అమ్మాయి పిచర్ అండీ. ఓటింగులో ఏదో తేడా జరిగింది."

పిల్ల ఓడితే ప్రతి తల్లీ అనే మాటే కదా అనుకున్నాను. ఏం తేడా అని అడిగాను.

"మా చర్చిలో వాళ్లందరం సుహాసినికి వేశాం. టీమ్‌లో పిల్లలు, వాళ్ల ఫ్రెండ్సూ గ్రేస్‌కి వేశారంట. ఇద్దరూ ఓడిపోయారండీ."

"ఇద్దరు అమ్మాయిలా మీకు?"

"ఒక్కతే. పెదపూడి గ్రేస్ సుహాసిని. ఇద్దరూ మా అమ్మాయే!"

ఆవిడను లైన్‌లోనే ఉండమని జాబితా తెరిచాను. పిచర్లలో ఐదుగురిని తీసుకున్నారు. తొమ్మిదో పేరు జి. పెదపూడి. పదకొండో పేరు పి. సుహాసిని. ఇద్దరిదీ ఒకే జట్టు, ఒకే జెర్సీ నంబరు. ఒకరు సొంత మైదానంలో తప్ప ఆడలేదు, ఇంకొకరు బయటి ఊళ్లలో తప్ప ఆడలేదు. రెంటినీ కలిపి చూశాను. ఓట్లలో రెండో స్థానం, ఆటలో మొదటి స్థానం. ఓరి నాయనో!

ఎలా జరిగిందో అర్థం కావడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. రిజిస్ట్రేషన్ ఫారంలో సుశీల గారు మన బడి రిజిస్టర్లో రాసినట్టే ఇంటిపేరు ముందు పెట్టి రాశారు. సొంత జట్టు స్కోరర్‌కి ఆ అమ్మాయి గ్రేస్, వీపు మీద పెదపూడి. కాబట్టి జి. పెదపూడి. అవతలి ఊళ్ల స్కోరర్లు ఫారం చూసి మొదటి మాట పేరనీ చివరి మాట ఇంటిపేరనీ అనుకున్నారు. కాబట్టి పి. సుహాసిని. బ్యాలెట్ పెట్టేముందు మేము డూప్లికేట్ చెక్ చేస్తాం, అంటే ఒకే మనిషి పేరు రెండుసార్లు పడిందేమో చూడటం. కంప్యూటర్ ఒకే స్పెల్లింగ్‌ను పడుతుంది, మిగతాది కళ్లతో చూడాలి. ఆ చూసిన కళ్లు నావే. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఆ రెండు పేర్లూ చూసి "అబ్బో, మనవాళ్లు ఇద్దరున్నారే!" అని మురిసిపోయి, ఇంటికెళ్లి మా ఆయనకు గొప్పగా చెప్పాను కూడా.

లీగ్ కార్యదర్శి కీత్‌కి ఫోన్ చేశాను. ఆయన ఒక జట్టుకు కోచ్ కూడా.

"అయ్యో, పాపం. కానీ చూడండి కోటా, ఫలితం పబ్లిష్ అయ్యాక మార్చకూడదు, రూల్" అన్నాడు.

"రూల్ సరే. ఆ పిల్ల మే నెలలో మీ జట్టును ఒంటిచేత్తో ఓడించింది కదా! మీరెందుకు ఓటెయ్యలేదు?"

"ఆ పొడుగమ్మాయా? ఆమె లిస్టు పైన కనిపించలేదు. అందరం మీరు పంపే స్కోర్ల షీట్‌లో పైనున్న పేర్లే చూస్తాం."

కళ్లారా చూసిన ఆట కన్నా నేను పంపిన షీటే ఆయనకు నిజం! అంతటితో అయిపోలేదు. గెలిచిన ఐదుగురిలో ఒకామె మోచేతి సర్జరీ అయి సీజన్ మొదటి వారం నుంచీ బంతే ముట్టలేదు. నిరుటి ఆల్‌స్టార్ల పేర్లు బ్యాలెట్‌లో పైన పెట్టడం ఆనవాయితీ, జనం పైనుంచి టిక్కులు కొట్టుకుంటూ పోయారు. ఆడిన పిల్లేమో ముక్కలైపోయింది, ఆడని పిల్ల గెలిచింది. ఇన్నేళ్లుగా నేను నడిపిన ఎన్నిక ఇదా అనిపించి ఒళ్లు మండిపోయింది.

తప్పు నాదేనని రాసి లీగ్‌కి పంపాను. ఆ సర్జరీ అమ్మాయి నిజాయితీగా తప్పుకుంది కూడా. ఇంకేముంది, దారి దొరికిందని ఎగిరి గంతేశాను. కానీ ఖాళీ అయిన చోటును కోచ్‌లు నింపుతారట, అదింకో రూల్. వాళ్లు పాత షీటే ముందేసుకుని ఆరో పేరు తీసుకున్నారు.

ఆ మ్యాచ్‌కి యూనివర్సిటీ కోచ్‌లు వచ్చి తమ జట్లకు పిల్లలను చూసుకుంటారు. యూనివర్సిటీకి వెళ్లేముందు కాలేజీలో గ్రేస్‌కి అదే ఆఖరి ఏడాది, ఆఖరి అవకాశం. ఈ సంగతి చెప్పడానికి నేనే ఫోన్ చేశాను. సుశీల గారు విని ఫోన్ కూతురికిచ్చారు.

"ఇట్స్ ఓకే, ఆంటీ" అంది గ్రేస్. "వాళ్లకి తెలీదు, ఐ గెట్ ఇట్. బట్ మీరు తెలుగు కదా? మీకు కూడా తెలీలేదా?" అంది.

కోపంగా అనలేదు, నిజంగా ఆశ్చర్యపోయి అడిగింది. కోప్పడినా బాగుండేది. నా బ్యాడ్జీ మీదా ఇంటిపేరే పేరై కూర్చుంది. పదకొండేళ్లుగా ఆఫీసులో నేను కోటానే. రెండక్షరాలు, వాళ్ల నోటికి సుఖం, నాకూ గొడవ లేదని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే అలవాటై నా కళ్లు కప్పేసింది.

మ్యాచ్ రోజున మనసాగక వెళ్లాను. స్కోరర్ బల్ల దగ్గర గ్రేస్ కూర్చుని ఉంది! వీపు మీద పెదపూడి అని చూసి పోల్చుకున్నాను. తనే అడిగి ఆ పని తీసుకుందట. ఒక్కొక్క క్రీడాకారిణినీ ఆపి, "మైకులో నీ పేరు ఎలా పిలవాలి?" అని అడిగి రాసుకుంటోంది. తన చోట ఆడుతున్న అమ్మాయినీ అలాగే అడిగింది, అక్షరం అక్షరం రాసుకుంది. కంచె అవతల యూనివర్సిటీ కోచ్‌లు ఆ అమ్మాయి పేరే రాసుకుంటున్నారు.

ఆ వారమే మా ఫారంలో మొదటి గడి మార్పించాను. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ కన్నా ముందు "మిమ్మల్ని ఏమని పిలవాలి?" అని ఉంటుంది. నిరుటి పేర్లను పైన పెట్టడం మాన్పించాను. రెండూ కలిపి ఒక్క పూట పని. పదకొండేళ్లలో ఆ పూట నాకు దొరకలేదు. ఆ పిల్లకు మాత్రం ఆ మ్యాచ్ మళ్లీ రాలేదు.

ఆ మ్యాచ్ రోజు స్కోరర్ బల్ల దగ్గరికి వెళ్లి సారీ చెబుదామని నోరు తెరిచాను. గ్రేస్ తలెత్తి చూసి, విజిటర్స్ కాగితం ముందుకు లాక్కుంది.

"మీ పేరు, ఆంటీ?"

"కోటా" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"విజయలక్ష్మి" అన్నాను.