అటక మీది కాయలు, కాకినాడ చదువు

నాకు అక్షరాలు వచ్చేసరికి జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. మా ఊళ్ళో రామాలయం అరుగు మీద పెద్దవాళ్ళకి సాయంత్రం పూట చదువు చెప్పడం మొదలుపెట్టినప్పుడు వెళ్ళి కూర్చున్నాను. చిన్నప్పుడు బడి కాలవ అవతల ఉండేది. బల్లకట్టు దాటి కొన్నాళ్ళు వెళ్ళాను. అంతలో తమ్ముడు పుట్టాడు. ఆ పురిటి తర్వాత అమ్మ కోలుకోలేదు, ఏడాది తిరక్కుండానే పోయింది. తమ్ముణ్ణి చంకనేసుకుని బడికి వెళితే పంతులుగారు గుమ్మంలోనే ఆపేశారు. పసివాణ్ణి దింపి వస్తే రమ్మన్నారు. దింపడానికి ఇంట్లో ఎవరూ లేరు.

ఈ సంగతి ఇన్నాళ్ళూ కాగితం మీద పెట్టకపోవడానికి రాయడం రాకపోవడం ఒక్కటే కారణం కాదు. పెళ్ళయ్యాక తమ్ముడికి నేను పంపిన ఉత్తరాలన్నీ మా ఆయన చేతిరాతే. నేను గుమ్మం దగ్గర నిలబడి చెప్పేదాన్ని, ఆయన రాసేవారు. తమ్ముడి జవాబు కూడా ఆయనే చదివి వినిపించేవారు. ఆయన చేత రాయించలేని మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ఆయనా లేరు, తమ్ముడూ లేడు.

నా పెళ్ళిలో నాన్న కాలవగట్టు పక్కనున్న కొబ్బరిచెట్ల వరస పసుపు కుంకుమ కింద నాకు రాసి ఇచ్చారు. ఆ చెట్ల కాయ మీద వచ్చే డబ్బు నాది. మా వైపు మగవాళ్ళు దాని సంగతి అడగరు. నాన్న పోయాక మిగిలిన భూమి అప్పులవాళ్ళకి పోయింది. తమ్ముడు నా దగ్గరికి వచ్చేశాడు. మా ఇంటి నుంచే సైకిలు మీద అమలాపురం వెళ్ళి ఇంటర్మీడియట్ పూర్తి చేశాడు. అది ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త.

వాడికి లెక్కల చదువు మీద మనసు. బి.కాం. అంటారని వాడే చెప్పాడు. అది చదివితే బ్యాంకులో ఉద్యోగం వస్తుందట. అమలాపురంలో అప్పటికి ఆ చదువు లేదు. కోటిపల్లి రేవు దాటి కాకినాడ వెళ్ళాలి, లేకపోతే నరసాపురం రేవు దాటి భీమవరం వెళ్ళాలి.

"లెక్కలు నేర్చుకోడానికి గోదారి దాటాలేంటి బావా? మా కొట్టుకి రా. పొద్దున్న కాయలు లెక్కెట్టు, సాయంత్రం బాకీలు లెక్కెట్టు. నేనే ఇచ్చేస్తాను పట్టా," అనేవారు మా ఆయన. ఆయనకి సంతలో చిన్న కిరాణా కొట్టు ఉండేది.

"మీ కొట్లో బాకీలు లెక్కెట్టడానికి బి.కాం. చాలదు బావగారూ, ఇంకా పైకి చదవాలండి," అనేవాడు తమ్ముడు.

ఆయన నవ్వేవారు. వాళ్ళిద్దరి మధ్యా ఆ పరాచికాలు మామూలే.

భీమవరంలో మా మేనమామ ఉన్నాడు. బియ్యం మిల్లు ఆయనది. సంగతి తెలిసి ఆయనే వచ్చాడు, తాటాకు బుట్టతో పూతరేకులు పట్టుకుని.

"కాకినాడెందుకమ్మాయ్? హాస్టలంటావు, మెస్సంటావు, ముందే డబ్బు కట్టమంటారు. మా ఇంట్లో ఉంటే తపేలాలో ఇంకో గిద్దెడు బియ్యం ఎక్కువ పడతాయి, అంతే కదా. మేనల్లుడి అన్నానికి నేను లెక్క రాస్తానా? పెద్దయ్యాక వాడే నా లెక్కలు రాస్తాడు."

"ఆయ్, అలాగేలెండి మావయ్యా. ఆలోచించుకుని కబురెడతాం," అన్నాను.

ఆయనకి ఒక్కతే కూతురు. అప్పటికింకా గౌను తొడుక్కుని అచ్చంగాయలు ఆడుకునే పిల్ల. మావయ్య ఆ పిల్ల పేరు ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా. మేనమామ ఇంట్లో ఉండి, ఆయన అన్నం తిని చదువుకున్నవాడు ఆ ఇంటి పిల్లని కాదని వెళ్ళిపోతే కులంలో తల ఎత్తుకోలేడు.

ఆయన వెళ్ళాక తమ్ముడు నూతి దగ్గరికి వచ్చాడు. నేను గిన్నెలు తోముతున్నాను.

"అక్కా, ఆ పిల్లని చంకనెత్తుకుని ఆడించేను నేను. నాకు చెల్లెల్లాంటిది. ఆ ఇంట్లో చెయ్యి కడుక్కున్నానంటే ఇంక లేవలేను."

"ఎవరన్నారు లేవలేవని?"

"ఎవరూ అనరు. అదే కదక్కా."

ఆ మాటతో నేను తేల్చుకున్నాను. వాణ్ణి కాకినాడే పంపాలి. దానికి నా దగ్గర ఉన్నవి వంటింటి అటక మీద ఉన్న కాయలే. కిందటి దసరాకి ముందు నా చెట్ల నుంచి దింపిన కాయంతా అటక మీద పేర్పించాను. కాయని వలవకుండా అలా ఏడాది ఉంచితే లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి టెంకని వదిలేసి గుండులా విడివడుతుంది. అదే కురిడీ. పచ్చికాయకీ దానికీ ధరలో పోలిక లేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే నీళ్ళు గలగలమంటే ఇంకా పచ్చి. గుండు లొటలొటలాడితే అయినట్టే. మా లెక్క ప్రకారం ఆ కురిడీ ధరకి కాకినాడ కాలేజీ ఫీజూ, హాస్టలుకి ముందు కట్టాల్సిందీ సరిపోతాయి.

కానీ కాలేజీ ఆషాఢంలో తెరుస్తారు. అటక మీది కాయ దసరాకి గాని కురిడీ అవదు. అలాగే పచ్చిగా అమ్మితే సగం కూడా రాదు.

దానికి దారి మా ఆయనే చెప్పారు. వానాకాలంలో బూజు పట్టకుండా అటక కింద కొబ్బరి పీచు డొక్కలు రాజేసి అప్పుడప్పుడూ పొగ వేయడం మా ప్రాంతంలో అందరిళ్ళలోనూ ఉన్నదే.

"అప్పుడప్పుడూ ఏస్తే దసరాకి అవుతాయి. రోజూ ఏస్తే ఆషాఢానికి దిగవా? మా బావమరిది కాకినాడ ఎల్లాలంటే ఆ మాత్రం పొగ మింగలేవా?" అన్నారు నాతో.

నాకూ సబబుగానే తోచింది. తమ్ముడికీ అంతే. ఆ రోజు నుంచి తెల్లవారుతూనే ఒకసారి, దీపాలవేళ ఒకసారి డొక్కలు అంటించేవాళ్ళం. మంట లేవకుండా నీళ్ళు చిలకరిస్తూ తమ్ముడు కూర్చునేవాడు. వాడి కళ్ళు ఎర్రబడిపోయేవి. అన్నం, మజ్జిగ, కట్టుకున్న చీర, అన్నీ పొగ వాసనే.

జ్యేష్ఠం చివర్లో నిచ్చెన ఎక్కి ఒక కాయ ఊపి చూశాను. గుండు కదిలింది. ఇంకోటి ఊపాను. అదీ కదిలింది. కిందనున్న తమ్ముడికి అందించాను. వాడు చెవి దగ్గర పెట్టుకుని ఊపి, మళ్ళీ ఊపాడు. ఆ రోజే కాకినాడ కాలేజీకి అప్లికేషను పోస్టు చేసి వచ్చాడు. నేను పాత ట్రంకుపెట్టె తీసి తుడిచి ఎండలో పెట్టాను.

అంబాజీపేట కొబ్బరి షావుకారు బండి కట్టించుకుని వచ్చాడు. కాయలు కిందకి దింపించి, ఒకటి వలిపించి కత్తితో కొట్టాడు. టెంక అప్పటికే సన్నగా బీటలిచ్చి ఉంది. లోపల గుండు విడివడే ఉంది గానీ రంగు పచ్చగా, నల్లగా మారింది. వాసన గుప్పుమంది. ఇంకొకటి కొట్టాడు. పోగులో మరో మూల నుంచి తీయించి కొట్టాడు.

"పొగ ఎక్కువేసేరాండి?" అన్నాడు.

"మామూలుగా ఏసేదేనండి," అన్నారు మా ఆయన.

"మామూలు పొగ కాదండి ఇది. పొగ ఏడికి టెంక పగిలి నీళ్ళు కారిపోయేయి. కొబ్బరి ఎండలేదు, కుళ్ళింది. ఊపితే కురిడీలాగే పలుకుద్ది, ఏం లాభం. గానుక్కి కూడా రాదండి. సబ్బులోళ్ళెవరైనా తీసుకుంటారేమో అడగండి." కత్తి తుడుచుకుంటూ తమ్ముడి వంక చూశాడు. "చదువుకునే అబ్బాయి కదా, మీరైనా చెప్పద్దాండి? కాయకీ ఏడాది చదువుంటాది. మధ్యలో పరీక్ష పెడితే ఎలా పేసవుద్ది?"

బండివాడు నవ్వాడు. తమ్ముడు కూడా నవ్వబోయాడు, మొహం కుదరలేదు. బండి ఖాళీగా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ముగ్గురం వసారాలో కూర్చున్నాం. వాన జల్లు పడుతోంది. ఎవరూ అన్నం మాట ఎత్తలేదు. చివరికి నేనే అన్నాను.

"చెట్లు అమ్మేద్దామండి. నావే కదా."

మా ఆయన చుట్ట నోట్లోంచి తీశారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు.

"పసుపు కుంకుమ అమ్ముకుంటావా? నేను బతికుండగానా?"

మావైపు పసుపు కుంకుమ కింద వచ్చింది అమ్ముకోవడం మొగుడు పోయాక చేసే పని. ఆయన ఉండగా అమ్మితే ఆయన చావు కోరుకున్నట్టే. కాయలు పాడైనందుకు ఆయనా లోపల్లోపల కుమిలిపోతున్నారు. పొగ మాట చెప్పింది తనే. అది తెలిసీ నేను రెండోసారి అనలేకపోయాను. తమ్ముడి వైపు చూశాను. వాడు అమ్మమని ఒక్క మాట అంటే నేనూ మళ్ళీ అనేదాన్ని.

"వద్దక్కా," అన్నాడు వాడు. "భీమవరమే ఎల్తాను. మావయ్యకి కబురెట్టండి బావగారూ."

"అదే మంచిదిలే బావా," అన్నారు ఆయన. చుట్ట ఆరిపోయింది. మళ్ళీ వెలిగించుకోలేదు.

తమ్ముడు భీమవరంలో బి.కాం. పాసయ్యాడు. మంచి మార్కులే వచ్చాయన్నారు. బ్యాంకు పరీక్షకి వెళ్తానంటే, ఇంట్లో మిల్లు పెట్టుకుని పరాయివాళ్ళ డబ్బు లెక్కెట్టడం ఏంటని మావయ్య పోనివ్వలేదు. పిల్ల ఈడుకొచ్చాక పెళ్ళి చేశారు. ఆ పిల్ల మంచిదే. తనని ఇష్టపడి చేసుకోలేదని ఆమెకీ తెలుసు, ఆ సంగతి నాతో ఒకసారి వంటింట్లో చాలా మామూలుగా చెప్పింది. తమ్ముడు బతికినన్నాళ్ళూ ఆ మిల్లులోనే లెక్కలు రాశాడు. ఇంటి మనిషికి జీతమేమిటన్నారు గనుక జీతం లేదు. మా ఇంటికి వచ్చినా సాయంత్రం పడవ అందుకోవాలని తొందరపడేవాడు.

నేను రాయించలేకపోయిన మాట ఇదే. "ఆ రోజు వద్దన్నావే తమ్ముడూ, నీకు నిజంగా వద్దనేనా, మీ బావ ఎదురుగా ఉన్నారనా?" కార్డు ముక్క మీద, ఆయన చేత, ఆ మాట ఎలా రాయించను? అంతా క్షేమం అని రాయమనేదాన్ని. వాడూ అంతా క్షేమమనే రాసేవాడు.

వసారాలో భీమవరం మాట అనుకున్న ఆ రాత్రి గడిచి, మర్నాడు పొద్దున్న వాన వెలిసింది. దింపువాళ్ళు నా చెట్ల కాయ తెచ్చి పెరట్లో పోశారు. నేను అటక ఎక్కి బూడిదా నుసీ ఊడ్చి, కొత్త కాయలు ఒక్కొక్కటే అందుకుని పేర్చాను. కింద డొక్కలు అంటించలేదు. తమ్ముడు లేచి వచ్చి నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. పని అయ్యాక దిగి, చేతులు కడుక్కుని, వాడికి చద్దన్నంలో మాగాయ వేసి పెట్టాను.