జీవమ్మ కడుపునొప్పి

రక్తక్యాన్సర్ మందులకు జుట్టంతా రాలిపోయినా, జీవమ్మ పొద్దున్నే తలకు గుడ్డ బిగించి, తన పళ్లెం తనే కడుక్కుని, కర్నూలు ఆస్పత్రి వార్డులో ప్రతి మంచం దగ్గరా ఆగి పలకరించేది. ఆలూరు చేలల్లో కూలి చేసిన ఒళ్లు, నొప్పిని లెక్కచేసేది కాదు. అలాంటిది ఆ రోజు కుడివైపు పొత్తికడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. మందుల వేడి అనుకున్నారంతా. "ఈమె ఇట్ల పండుకునే మనిషి కాదు సారూ," అని భర్త దావీదురాజు పట్టుబట్టి స్కానింగ్ తీయించాడు. అపెండిక్స్ వాచింది. రక్తక్యాన్సర్ ఉన్నవాళ్లకు అరుదుగా ఇలా అవుతుందట.

సర్జన్ దావీదురాజును వరండాలోకి పిలిచాడు. కోస్తే రక్తం ఆగకపోవచ్చు, పుండు మానకపోవచ్చు. కోయకపోతే లోపలే పగిలిపోవచ్చు. ఏం చేయమంటావని అడిగాడు. ఇంతలో జీవమ్మ గోడ పట్టుకుని నడిచొచ్చింది.

"ఆయప్పనేమి అడుగుతాండారు సారూ? కడుపు నాది. నాకు చెప్పండి."

సర్జన్ మొదటినుంచీ మళ్లీ చెప్పాడు. అంతా విని, "భయంగానే ఉండాది సారూ. అయినా కోయండి," అంది.

రక్తకణాలు ఎక్కించి ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. కుట్లు నిదానంగా మానాయి. ఆపరేషన్ కోసం ఆపిన క్యాన్సర్ మందు మళ్లీ మొదలైంది. అప్పట్నుంచి ఏ డాక్టరొచ్చినా దావీదురాజు లేచి పక్కకు తప్పుకునేవాడు.

"ఆమెకే చెప్పండి సారూ. నేను ఈడ నిలబడి వింటా."