దినాల నాటి సాక్ష్యం

సూరత్‌లో తెలుగు నేత కార్మికుల చరిత్ర రాసినవాడు ఒక్కడే, మార్కండేయ. ఆ ఊళ్లోనే పర్వత్ పాటియా పేటలో కాపురం. పగలు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పని, మిగిలిన పొద్దంతా రాత. సొంత జిల్లా వారపత్రికకు ముప్పై ఏళ్లు వార్తలు పంపాడు. జీతం లేదు, గౌరవమూ అంతంతమాత్రమే.

పన్నెండు గంటల షిఫ్టులు చేసే జనం కబుర్లకు ఎక్కడ దొరుకుతారు? అందుకే ఎవరైనా పోతే పదకొండో రోజున దినాలకు నోటుపుస్తకంతో తయారయ్యేవాడు. అక్కడ అందరూ ఒక్కచోట కూర్చుంటారు, తీరిగ్గా నోరు విప్పుతారు. అలా విస్తళ్ల ముందు చరిత్రంతా పోగేశాడు. చచ్చినవాని కళ్లు చారెడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ మహానుభావుడికే తట్టలేదు.

దశరథ మేస్త్రీ దినాల్లోనూ అంతే. సూరత్ పక్కన జోల్వాలో కార్ఖానా అంటుకున్నప్పుడు బయటి నుంచి తాళం పగలగొట్టి తొమ్మిదిమందిని కాపాడింది దశరథేనని అందరూ అన్నారు, ఈయన రాసుకున్నాడు. పక్కన మొండయ్య అనే పెద్దాయన ఎడమ చేత్తో తింటున్నాడు.

"ఏంది కాకా, ఎడమ చెయ్యితోని?" అని మార్కండేయ మందలించాడు కూడా. మొండయ్య నవ్వి ఊరుకున్నాడు.

పుస్తకం అచ్చయింది. దశరథ గురించిన పేజీని తెలుగు నేత కార్మికుల సంఘం వాళ్లు రాతిమీద చెక్కించి తమ భవనం గోడకు పెట్టారు. మార్కండేయ పొంగిపోయాడు.

మొన్న చలికాలంలో మొండయ్య పోయాడు. పలకరించడానికి వెళితే ఆయన భార్య వజ్రమ్మ నెమ్మదిగా చెప్పింది.

"తాళం పలగ్గొట్టింది మీ కాకనే కొడుకా. కాలిన ఇనుము వట్టుకుంటే వేళ్లు అతుక్కపోయినయ్. సాంచల వడి చెయ్యి పోయిందనుకున్నరు అందరు. ఆ తొమ్మిదిమందిని దవాఖానకు తీస్కపోయింది దశరథ, గందుకే గాయన పేరు నిలిచింది."

"మరి కాక ఆనాడు చెప్పలేదేంది చిన్నమ్మా?"

"సచ్చినోని బువ్వ తినుకుంట సచ్చినోని మాట కాదంటరా? జర గా రాతిమీద మీ కాక పేరు ఎక్కియ్యి. నేను పోయేలోపు సూస్త."

మార్కండేయకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ తొమ్మిదిమందిలో సూరత్‌లో మిగిలినవాడు ఒక్కడే, ఊరి శివారున ఉన్ అనే పేటలో ఉంటాడు. పరుగున అక్కడికి పోయాడు.

"పొగల ఎవరు కనవడ్డరన్నా? దశరథ అని నీ బుక్కు సదివే తెల్సుకున్న," అన్నాడతను.

అక్కణ్ణించి సంఘానికి పోయాడు. కార్యదర్శి మహేశ్, దశరథ కొడుకే. "నువ్వే రాసినవ్ గదా మామా. గిప్పుడు మా నాయిన పేరు తీసేయమంటవా? సబూత్ ఏది?" అన్నాడు.

ఉన్న సాక్ష్యం ఆ కాలిన చెయ్యి ఒక్కటే. అది మనిషితోపాటే బూడిదయింది.

ఇక మిగిలింది మొండయ్య దినాలు. ఆ రోజు మార్కండేయ నోటుపుస్తకం తేలేదు. అందరి ముందూ లేచి నిలబడి తాళం, చెయ్యి, తన తప్పు, ఏదీ దాచకుండా చెప్పాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మహేశ్ కూడా తలూపాడు. అది చూసి మార్కండేయకు ఆశ పుట్టింది.

మహేశ్ దగ్గరికొచ్చి భుజం తట్టాడు. "మంచిగ చెప్పినవ్ మామా. పోయినోళ్ల గురించి గట్లనే చెప్పాలె. కూసో, బువ్వ వెడ్తున్నరు."

విస్తళ్లు పరిచారు. వజ్రమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఈయన వైపే చూస్తోంది. మార్కండేయ తలెత్తలేదు. అన్నం కలిపాడు, కలుపుతూనే ఉన్నాడు.