ఆటకు ముందు షీల్డు ఫొటో

ఆటల ఫొటోలు తీయడం ఎలా మొదలుపెట్టారని కొత్తగా కెమెరా పట్టిన కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు. వాళ్లకు కావలసిన జవాబు నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ ఆటలంటే ప్రాణమనీ, మొదటిసారి కెమెరా ముట్టుకోగానే ఒళ్లు పులకరించిందనీ చెప్పాలి. నాకు ఫుట్‌బాల్ అంటే ప్రాణమేమీ కాదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని ఎవరైనా నిలదీస్తే ఇప్పటికీ నీళ్లు నములుతాను. మా మామయ్యకు నోటి మీద అదుపు లేకపోవడం వల్ల నేను ఈ పనిలోకి వచ్చాను. ఆ మాట చెబితే కుర్రాళ్లు నవ్వేసి, సరే, అసలు సంగతి చెప్పండి అంటారు. అసలు సంగతి ఇదే.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో ఫొటో స్టూడియో పెట్టుకున్నాడు. మా అమ్మ మిషన్ స్కూల్లో టీచరు. నేను గుమాస్తా ఉద్యోగం చేయనని మొండికేస్తే ఆవిడ నన్ను తమ్ముడికి అప్పగించి చేతులు దులుపుకుంది. నేను చెబుతున్న నాటికి నాకు ఇరవై నాలుగేళ్లు, స్టూడియోలో సగం పని నాదే. మామయ్యది గొప్ప గొంతు. ఆదివారం చర్చిలో పాట ఎత్తేది ఆయనే. పెళ్లివారి గ్రూపు ఫొటోలో యాభై మంది తలో మాటా మాట్లాడుతున్నా, ఆయన "కదలొద్దు!" అని ఒక్క కేక వేస్తే చంకలో పిల్లలతో సహా బిగుసుకుపోయేవారు. మళ్లీ ఆయన "ఇక కదలొచ్చు" అనేదాకా ఎవరూ ఊపిరి కూడా తీసేవారు కాదు. ఆ రెండు మాటల మధ్య ఉండేదే ఫొటో అని ఆయన సిద్ధాంతం.

అప్పట్లో మా ఊళ్లో ఆటల ఫొటో అంటే ఆట ఫొటో కాదు. షీల్డు పక్కన కూర్చున్న జట్టు ఫొటో. ఫుట్‌బాల్ పోటీలు వానాకాలంలో జరిగేవి. ఫైనల్ ముగిసేసరికి పొద్దు వాలిపోయేది, మబ్బు పట్టి ఉంటే సరేసరి, ఫిల్ముకు బదులు మేము వాడే గాజు ప్లేట్ల మీద ఏదీ పడేది కాదు. అందుకని ఆట మొదలుకాకముందే రెండు జట్లనూ ఒకదాని తర్వాత ఒకటి కూర్చోబెట్టి, రెండింటికీ అదే షీల్డు ఇచ్చి ఫొటో తీసేవాళ్లం. తర్వాత గెలిచిన జట్టు ప్లేటు కడిగి ప్రింట్లు వేసేవాళ్లం. ఓడిన జట్టు ప్లేటును వేడినీళ్లలో బట్టల సోడా వేసి నానబెట్టి, మందు పొర అంతా గీకేసి, ఆ అద్దాన్ని ఫ్రేములకు వాడేవాళ్లం. ఊళ్లో ఎన్ని పెళ్లిఫొటోలు ఓడిన జట్ల అద్దాల వెనక నవ్వుతున్నాయో దేవుడికే తెలియాలి.

ఈ ఏర్పాటు నాకు నచ్చేది కాదు. అబద్ధమని కాదు, స్టూడియోలో వెనక తెరమీద తోటలూ మేడలూ పెట్టి తీసేవాళ్లకు అబద్ధం కొత్తేమీ కాదు. ఆట ఆడబోయే మనుషుల్ని, ఆడకుండా, మోకాళ్ల మీద చేతులు పెట్టించి తీయడం నాకు వెటకారంగా తోచేది. మామయ్యకు మాత్రం అది మాట తప్పకూడని కట్టుబాటు. ఓడిన జట్టుకు ఒక్క ప్రింటు కూడా ఇచ్చేవాడు కాదు. వెనకెప్పుడో అలా ఇస్తే, వాళ్లు దాన్ని హోటల్లో వేలాడదీసి గెలిచింది మేమేనని చెప్పుకున్నారనీ, కుర్చీలు విరిగాయనీ చెప్పేవాడు.

ఈ కట్టుబాటు వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు మౌలాలి రైల్వే కాలనీ జట్టు కెప్టెను. రైల్వేలో ఫిట్టరు. అప్పటికే ముప్పై అయిదు దాటి ఉంటాయి. వట్టికాళ్లతో ఆడేవాడు. ఎడమ చీలమండకు భార్య పాత దుపట్టా పేలిక కట్టి ఉండేది, దాని మీద చిన్న చిన్న పువ్వులు ఉండేవి. ఆ పువ్వుల కట్టును చూసి అవతలి జట్లు వేళాకోళం చేసేవి, బంతి ఆ కాలికి దొరికాక మాత్రం మాట పడిపోయేది. మూడు ఫైనళ్లలో షీల్డును మోకాలికి ఆనించుకుని మా కెమెరా ముందు కూర్చున్నాడు. మూడూ ఓడిపోయాడు. ఆ మూడు ప్లేట్లూ నా చేతులతో నేనే గీకాను.

నాలుగోది పోలీస్ చర్యకు కొద్ది రోజుల ముందు. ఊళ్లో అప్పటికే ఎవరి ముఖం చూసినా గుబులు. రజాకార్ల కవాతులు, సరిహద్దు కబుర్లు, రేడియో దగ్గర గుంపులు. అసలు ఫైనల్ జరుగుతుందా అని అందరూ అనుకున్నారు కానీ జరిగింది. బహుశా కమిటీ వాళ్లకు కూడా ఆ రెండు గంటలపాటు వేరే సంగతి ఆలోచించాలని ఉందేమో. అవతలి జట్టు కంటోన్మెంట్ ఆఫీసులవాళ్లు, అందరూ బూట్లవాళ్లే.

కెప్టెను షీల్డు పట్టుకుని కూర్చుంటూ మామయ్యతో అన్నాడు.

"సాబ్, గీ యేడుతోని నా ఆట ఖతం. కాళ్లు ఇంటలేవు. గీ ఒక్క ఫొటో నాకు దక్కాలె. నా పోరనికి సూపించనీకె ఇంట్ల ఒక్కటి సుత లేదు."

"గెలు, నేనే తెచ్చి ఇస్తాను" అన్నాడు మామయ్య. "కదలొద్దు!"

జట్టంతా బిగుసుకుంది. "ఇక కదలొచ్చు."

రెండు జట్ల ఫొటోలూ అయ్యాక ఒక ప్లేటు మిగిలింది. పగిలితే పనికొస్తుందని ఎప్పుడూ ఒకటి అదనంగా తెచ్చేవాళ్లం. దానితో ఆట తీస్తానని మామయ్యను అడిగాను. అంతకుముందూ అడిగాను, ఎప్పుడూ కసిరేవాడు. ఆ రోజు ఏ కళనున్నాడో, "తగలెయ్యి, పరిగెత్తేవాళ్లు ఎలాగూ పొగలాగే పడతారు" అన్నాడు.

ఆ కెమెరాతో ఆట తీయడమంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. మూడు కాళ్ల స్టాండు, తల మీద నల్లగుడ్డ. ప్లేటు లోపల పెట్టాక ఇక అందులోంచి ఏమీ కనిపించదు. అందుకని ముందే గోలుకు దగ్గరగా ఒక గడ్డి పరకల గుంపును చూసుకుని, దాని మీద ఫోకస్ పెట్టి, ప్లేటు దూర్చి, ఆటగాడు తనంతట తాను వచ్చి ఆ గడ్డి మీద నిలబడతాడని ఎదురుచూడాలి. గోలు స్తంభానికి నాలుగడుగుల దూరంలో స్టాండు దించాను. మామయ్య నా పక్కనే గొడుగుతో నిలబడ్డాడు.

సగం ఆట అయింది. రెండువైపులా గోలు లేదు. రెండో సగంలో బంతి ఆ పువ్వుల కట్టు కాలికి దొరికింది. ఇద్దరు బూట్లవాళ్లను దాటేశాడు. ఎదురుగా గోల్‌కీపరు ఒక్కడే, వాడూ తప్పుడు వైపుకి ఒరిగి ఉన్నాడు. కెప్టెను సరిగ్గా నా గడ్డి మీదికి వచ్చాడు. నా వేలు షట్టరు మీదికి వెళ్లింది.

"కదలొద్దు!"

మామయ్య కేక. కెమెరా మీదికి చెయ్యి వెళ్లగానే ఆయన నోట్లోంచి ఆ మాట రావడం ఇరవై ఏళ్ల అలవాటు. ఆ మాట వినగానే ఆగిపోవడం కెప్టెనుకు నాలుగు ఫైనళ్ల అలవాటు. ఆగిపోయాడు. బంతి మీద ఎడమకాలు పడగానే నా వేలు షట్టరు నొక్కేసింది, అతను అలాగే నిలబడిపోయాడు. ఇంతలో వెనకనుంచి బూట్లవాడొకడు వచ్చి బంతిని ఊడలాగి అవతలకు తన్నేశాడు.

మైదానం పగలబడి నవ్వింది. ఎందుకు ఆగాడో సగం మందికి అర్థం కాలేదు. కెప్టెను మా వైపు తిరిగి మామయ్యను చూశాడు. తిట్టలేదు. మళ్లీ పరిగెత్తాడు. మామయ్య గొడుగు మడిచి కింద పెట్టాడు. "ఇక కదలొచ్చు" అన్న మాట ఆయన నోట రాలేదు.

కాసేపటికి పోలీసు అధికారి ఒకాయన మైదానంలోకి నడిచి వచ్చి రెఫరీతో మాట్లాడాడు. "గుంపులు కూడొద్దని హుకుం వచ్చింది. జల్దీ ఖాళీ జెయ్యుండ్రి" అన్నాడు. ఎవరూ వాదించలేదు. షీల్డును కమిటీవాళ్లు గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయారు. ఆ ఆట మళ్లీ జరగలేదు.

తర్వాత సైన్యం రావడం, నిజాం లొంగిపోవడం అందరికీ తెలిసినవే. మేము ఆ రోజులన్నీ స్టూడియో తలుపులు మూసుకుని ఇంట్లో కూర్చున్నాం. మా వీధిలో ఏమీ జరగలేదు. జిల్లాల నుంచి వచ్చే కబుర్లు వేరుగా ఉండేవి, వాటిని పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఏ పనీ లేక నేను మూడు ప్లేట్లూ డెవలప్ చేశాను. రెండు షీల్డు ఫొటోలూ ఎప్పటిలాగే చక్కగా వచ్చాయి. మూడోదాన్ని వెలుతురుకు ఎత్తి చూసి మామయ్యను పిలిచాను.

అందరూ పొగే. గోల్‌కీపరు చేతులు నాలుగైదున్నట్టు ఉన్నాయి. వెనకనుంచి వస్తున్న బూట్లవాడు మసక మరక. కెప్టెను నడుము పైభాగం ఇంకా ముందుకు ఊగుతోంది, తల మా వైపు తిరుగుతూ చెదిరిపోయింది. మధ్యలో బంతి, బంతి మీద ఎడమకాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. నరాలు, మట్టి, దుపట్టా ముడి, దాని మీది పువ్వులు కూడా. ఆ ఒక్క కాలు ఆగింది కాబట్టి ఆ ఒక్క కాలు పడింది. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. మామయ్య మాత్రం దాన్ని చూసి, చేతిలోంచి కింద పెట్టేసి, ఆ పూట అన్నం తినలేదు.

చలికాలం మొదలయ్యాక కెప్టెను స్టూడియోకి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు.

"కరాచీ పోతున్నం సాబ్" అన్నాడు. "మా బావమర్ది ముందుగాల్నే పోయిండు. ఇంట్ల ఆడోళ్లు గిక్కడ ఉండనంటున్రు. జర పరేషాన్ల ఉన్నం. పోయే ముందు మీకు సలాం జెప్పి పోదామని వచ్చిన."

ఫొటో మాట అతను ఎత్తలేదు. మామయ్య లేచి లోపలికి వెళ్లి షీల్డు ఫొటో ప్రింటు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడు వేశాడో నాకు తెలియదు. గెలవనివాళ్లకు ఆయన ప్రింటు వేయడం నేను అంతవరకూ చూడలేదు.

"తీసుకోండి కెప్టెన్ సాబ్. నేను నోరు మూసుకుని ఉంటే అది మీదే అయ్యుండేది" అన్నాడు.

కెప్టెను ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. షీల్డు, మోకాళ్లు, వరసగా పదకొండు మంది. అతని కళ్లలో ఆశ నాకు కనబడుతూనే ఉంది. కరాచీలో దాన్ని గోడకు తగిలిస్తే కాదనేవాడెవడూ ఉండడు. నేనెందుకో ఆగలేక, డ్రాయరులోంచి ఆ కాలు ప్రింటు తీసి పక్కన పెట్టాను.

చూసి ముందు నవ్వాడు. తర్వాత దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, వేలితో దుపట్టా ముడిని తడిమాడు.

"ఇది నా ఇంటామె కట్టిన ముడి" అన్నాడు. వెనక్కి వచ్చి షీల్డు ఫొటోను మామయ్య వైపు జరిపాడు. "గా షీల్డు మాది గాదు సాబ్. గెలిస్తిమో ఓడితిమో ఆ అల్లాకే ఎరుక. గీ కాలు మాత్రం నాదే. ఇదే ఇయ్యుండ్రి."

"ముఖం లేదుగా అందులో" అన్నాడు మామయ్య.

"ముఖం నా పోరడు రోజు సూస్తనే ఉన్నడు."

దానికి ఫ్రేము కట్టిస్తానన్నాడు మామయ్య. అద్దం కోసం వెతికితే ఆ కొలతది ఒక్కటీ మిగల్లేదు. కెప్టెనే అన్నాడు, మా ప్లేటు ఉంది కదా అని. మామయ్య వద్దన్నాడు. కెప్టెను వినలేదు. నేను నీళ్లు కాచి సోడా వేశాను. అతనే చొక్కా చేతులు పైకి మడిచి కూర్చుని, జట్టునూ షీల్డునూ నానబెట్టి గీకాడు. మందు పొర నల్లగా ఊడి నీళ్లలో తేలింది. అద్దాన్ని రెండుసార్లు కడిగి, తుడిచి నాకు ఇచ్చాడు. దాని వెనక కాలు ఫొటో పెట్టి మేకులు కొట్టాను.

ఫ్రేము చంకలో పెట్టుకుని గడప దాకా వెళ్లి ఆగాడు.

"సాబ్" అన్నాడు, "గా దినం ఇగ కదలొచ్చని మీరు చెప్పనే లేదు."

వేళాకోళంగానే అన్నాడు. మామయ్య నోరు తెరిచాడు. చర్చి అంతా మోగే ఆ గొంతు కోసం ఎదురుచూశాను. చెయ్యి మాత్రం కొంచెం ఎత్తాడు. కెప్టెను సలాం చేసి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ పై శనివారం పోలో మైదానంలో హాకీ ఫైనల్ ఉంది. మామయ్య కెమెరా, స్టాండు, నల్లగుడ్డ సర్ది నా ముందు పెట్టాడు. నాలుగు ప్లేట్లు అదనంగా పెట్టాడు.

"నువ్వే వెళ్లు" అన్నాడు. "నా నోరు ఆగదు."