ఉప్పులో పెరిగిన ఎరుపు

ఎరుకమ్మకి మనుషుల మీద నమ్మకం తక్కువ, ఉప్పు మీద ఎక్కువ. ఎస్. రాయవరం అవతల సముద్రపొడ్డున కోనాం చేపలు చీల్చి, ఉప్పు కూరి, ఎండబెట్టి అనకాపల్లి బజారులో అమ్ముకుంటూనే ఆమె జుట్టు నెరిసింది. ఉప్పు పట్టిన చేప చెడదు. ఆమెకి తెలిసిన ధర్మం అదొక్కటే.

ఆ వేసవిలో ఆ ధర్మమే తప్పింది. ముందు చేప అంచుల్లో కుంకుమ రాలినట్టు కనబడింది. తర్వాత ఒళ్ళంతా జిగట, ముక్కు పగిలే కంపు. చేపలు ఊరేసే తొట్లని సముద్రపు నీళ్ళతో తోమింది, మరింత ఉప్పు గుమ్మరించింది. ఎంత ఉప్పేస్తే ఆ ఎరుపు అంత బలిసింది.

ఓ పొద్దున బజారులో పాత బేరం చిన్నమ్మలు వచ్చి, కొన్న చేపని తట్టలోకి విసిరికొట్టింది.

"ఏటొదినా, రంగేసి అమ్ముతన్నావా?"

"రంగెందుకేత్తానే? నా కడుపు నానే కొట్టుకుంటానా?"

పక్కనే కూతురు దుర్గాలక్ష్మి ఉంది. విశాఖపట్నంలో సూక్ష్మజీవుల మీద ఎమ్మెస్సీ చదువుతూ సెలవులకి వచ్చింది. తల్లిని ఆదుకోవాలనే నోరు విప్పింది.

"రంగు కాదత్తా. అవి ప్రాణమున్నవే, కంటికి కనబడనంత చిన్నవి. ఉప్పుంటేనే బతుకుతాయి. మార్స్ గ్రహం మీద ఉప్పు నేలల్లో ఇలాంటివి బతకగలవేమోనని మా ల్యాబులో చూస్తున్నారు."

"ఓలమ్మో, బతికున్నాయా!" చిన్నమ్మలు చెయ్యి చీరకి తుడుచుకుంది. ఆ మాట బజారంతా పాకింది. పక్క తట్టలవాళ్ళు కూడా దూరం జరిగి కూర్చున్నారు. ఎరుకమ్మ అమ్ముడుపోని తట్ట నెత్తికెత్తుకుని ఇంటికి చేరింది.

"నువ్వు నోరు మూసుకుంటే రంగని తిట్టి పోయేవోల్లు," అంది గుమ్మంలోనే. "పురుగులని సెప్పి నా బేరం సంపేసినావు."

"నిజం చెప్పానమ్మా."

"ఎవులడిగేరే నిజం?"

దుర్గాలక్ష్మి కత్తి అందుకుంది. ఎర్రబడిన ముక్క ఒకటి కోసి గాజుసీసాలో వేసుకుంది. "మార్స్ మీద గాలి పలచన, ఎముకలు కొరికే చలి. అక్కడ బతుకుతాయని ఎవరూ తేల్చలేదు. ల్యాబులో వీటిని గడ్డకట్టించి, ఎండబెట్టి చూశాం. చాలా మట్టుకు చచ్చాయి. కొన్ని ఉప్పుగింజ లోపల నక్కి మిగిలాయి."

చెబుతున్నప్పుడు ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఎరుకమ్మకి ఒళ్ళు మండింది. సీసా లాక్కుని రాతికేసి కొట్టింది.

"నా కూడు తిన్నదాన్ని ముద్దు సేత్తావా? ఏటి సేత్తే సత్తాదది? అది సెప్పు!"

దుర్గాలక్ష్మి వంగి గాజుపెంకులు ఏరింది. "మంచినీళ్ళు," అంది చివరికి, శత్రువుకి రహస్యం అప్పగించినట్టు. "ఉప్పులేని నీళ్ళు తగిలితే పగిలిపోతాయి."

తాగడానికి పట్టుకున్న ట్యాంకరు నీళ్ళన్నీ ఎరుకమ్మ తొట్లలో కుమ్మరించింది. చీపురుతో కసిగా, పామును కొట్టినట్టు కొట్టి కడిగింది. చేపలన్నీ గోతిలో పూడ్చింది. పాత ఉప్పు పారబోసి కొత్తది తెప్పించింది. కూతురు చెయ్యి వెయ్యలేదు, ఈమె పిలవలేదు. అన్నం తినకుండానే దుర్గాలక్ష్మి బస్సెక్కింది.

తర్వాత ఎండబెట్టిన చేప తెల్లగానే వచ్చింది. చిన్నమ్మలు మాత్రం మళ్ళీ కొనలేదు. ఎరుకమ్మ ఇప్పుడు తనను ఎరగనివాళ్ళుండే బుచ్చయ్యపేట వైపు తట్ట మోసుకుపోతోంది. పిల్ల ఏం చదువుతోందని అక్కడ ఎవరైనా అడిగితే, "ఉప్పులో పురుగుల్ని సాకుతాది," అని తూకంరాయి ఠపీమని పెడుతుంది.