మా మరదలికి ఊరు చూపించిన రోజు

పుదుచ్చేరిలో ఇల్లున్నవాళ్ళకు చుట్టాల కొరత ఉండదు. సెలవులొస్తే చాలు, నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి, పెళ్ళిళ్ళలో కూడా పలకరించని దాయాదులు సంచులతో వచ్చి మురుంగపాక్కంలో మా గుమ్మం ముందు దిగేవాళ్ళు. వాళ్ళకు ఊరు చూపించే పని నా భార్యది. విద్యుత్ శాఖలో పనిచేసిన మనిషి. లైన్‌మెన్లను నడిపినట్టే చుట్టాలనూ నడిపేది. పొద్దున చున్నాంబారులో పడవ, ఆ తర్వాత పెద్ద తోట, పసుపు గోడల ఫ్రెంచి వీధులు, ఆశ్రమం, వినాయకుడి గుడి, పాత లైట్‌హౌసు. సాయంత్రం బండ్లను రానివ్వకుండా రోడ్డు మూసేశాక బీచి రోడ్డు మీద నడక. మగవాళ్ళు మాత్రం బస్సు దిగగానే గొంతు తగ్గించి మందు షాపు ఎక్కడని అడిగేవాళ్ళు.

"ముందు సముద్రం చూడండన్నా. అంత నీళ్ళు చూసినాక కూడా దాహమైతే అప్పుడు మాట్లాడదాం" అనేది.

నేను వెంట తిరిగేవాణ్ణి గాని ఎక్కడా లోపలికి వెళ్ళేవాణ్ణి కాదు. గుడికీ చర్చికీ ఆశ్రమంలో గురువుల సమాధికీ నాది ఒకటే నియమం. బయట నిలబడి అందరి చెప్పులకూ కాపలా కాసేవాణ్ణి. దేవుడి మీద ఆమెకూ నమ్మకం లేదు. అయినా చుట్టాలను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళేది. ఇది రాజీ కాదా అని నేను నిలదీస్తే, "ఊరు చూపించేదానికి వచ్చినాము. ఊరితో తగువు పెట్టుకునేదానికి కాదు" అని కసిరేది.

శరీరదానం గురించి నేను సభల్లో ఎన్నో ఏళ్ళు మాట్లాడాను. ఇంట్లో ముందుగా నిర్ణయం తీసుకుంది మాత్రం ఆమె. ఒక మధ్యాహ్నం మునక్కాయలు కోస్తూ, కూర ఏం చెయ్యాలో చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఇంతమందికి ఊరంతా తిప్పి చూపించినాను. చివరికి నన్ను ఆ డాక్టరు పిల్లకాయలు తిరిగి చూడనీ. ఇచ్చినాక మళ్ళీ బూడిదనీ ఎముకనీ వాళ్ళ గడప తొక్కొద్దు. ఇచ్చింది ఇచ్చిందే."

ఆమె పోయిన రోజు ఆమె చెప్పినట్టే జరిగింది. ఆలస్యమైతే శరీరం చదువుకు పనికిరాదని మెడికల్ కాలేజీ నుంచి వచ్చినవాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఆమె చెల్లెలు కోయంబత్తూరులో కూతురి కాన్పు దగ్గర ఉంది. కబురందిన నిమిషమే బయల్దేరింది. కానీ బస్సులు మారి, మర్నాడు తెల్లవారి మా ఇంటి ముందు ఆటో దిగేసరికి ముందుగదిలో అద్దె కుర్చీలు మాత్రమే మిగిలాయి. ఆమె గదులన్నీ చూసి వచ్చి నా ముందు నిలబడింది.

"యాడ బావా?" అంది.

ఇన్నేళ్ళ వాదోపవాదాల్లో నన్నెవరూ అంత చిన్న ప్రశ్న అడగలేదు. కాలేజీ వైపు చెయ్యి చూపించాను. అటు గోడ తప్ప ఏమీ లేదు.

ఎండలు ముదిరాక మరదలు మళ్ళీ వచ్చింది. హోసూరులో కాపురం, మొగుడిది ఫ్యాక్టరీ ఉద్యోగం. అక్కాచెల్లెళ్ళిద్దరూ పుట్టింది ఇక్కడే, విల్లియనూరులో. పుట్టిన ఊళ్ళో చూడ్డానికి ఏముందని నా భార్య తప్ప ఆ ఇంట్లోవాళ్ళెవరూ పడవ ఎక్కినవాళ్ళు కాదు, లైట్‌హౌసు ముందు నిలబడి ఫోటో దిగినవాళ్ళు కాదు. రాత్రి అన్నం తింటూ మరదలు అంది, "బావా, అక్క అందరికీ చూపించింది కదా ఊరు. నాకు చూపించు. అక్క పోయిన దోవలోనే పోదాం."

పొద్దున్నే చున్నాంబారులో పడవ ఎక్కాం. చుట్టూ మడచెట్లు. పక్కన బెంగుళూరు కాలేజీ పిల్లలు పాటలు పెట్టుకుని గంతులు వేస్తున్నారు. మరదలు పడవ అంచు గట్టిగా పట్టుకుని, "అక్క యాడ కూసునేది?" అని అడిగింది. పడవ నడిపేవాడి వెనకే అని చెప్పాను. లేచి, తూలుతూ పోయి అక్కడ కూర్చుంది. దిగేదాకా నేను లైఫ్ జాకెట్ వేసుకున్న ఆ వీపునే చూస్తూ ఉన్నాను.

తర్వాత బీచి రోడ్డులో యుద్ధ స్మారకం చూపించాను. ఫ్రెంచివాళ్ళ యుద్ధంలో చచ్చిపోయిన ఈ ఊరివాళ్ళ కోసం కట్టిందని చెప్పాను.

"ఈళ్ళ శవాలు ఈడుండాయా?"

"లేవు. ఎక్కడో పరాయి మట్టిలో ఉన్నాయి."

"మరి ఇది ఏంది?"

"గుర్తు. గుర్తు పెట్టుకోవడానికి శవంతో పనేముంది?"

"అట్లనా?" అని ఆమె నా వైపు తిరిగింది. "శవంతో పనిలేకపోతే అక్కకు ఒక గుర్తు యాడ పెట్టినావు బావా?"

సభలో అయితే ఈ మాటకు బల్ల గుద్ది జవాబు చెప్పేవాణ్ణి. నా భార్య చదువు, ఆమె మాట, ఆమె చేసిన మంచి, అవే గుర్తులు అనేవాణ్ణి. చప్పట్లు కూడా కొట్టేవాళ్ళు. ఎండలో చీర కొంగు తలమీద కప్పుకున్న ఆ మనిషికి అది జవాబు కాదు.

ఆశ్రమం దగ్గర ఎప్పటిలాగే నేను చెప్పుల దగ్గర ఆగిపోయాను. ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది. చుట్టాలు ఇట్టే వెళ్ళి ఇట్టే వచ్చేవాళ్ళు. ఈమె ఎంతకీ రాలేదు. కళ్ళు తిరిగి పడిపోయిందేమోనని నాకు భయమేసింది. చివరికి వచ్చింది. ముఖమంతా ఉబ్బి ఉంది, నుదుటికి ఒక పూరేకు అంటుకుని ఉంది.

"లోపల మాట్లాడకూడదంట. అందుకే మనసులోనే పిలిచినాను. సమాధి మీద తల ఆనించి అక్కా అన్నాను, ఎన్నిసార్లో."

"అది మీ అక్కది కాదు కదమ్మా."

"తెలీదా నాకు? పిచ్చిదాన్నా?" అంది. "అందరూ తల ఆనించి ఏడస్తా ఉండారు. ఎందుకేడస్తా ఉండావని ఎవురూ అడగలా. నాకు ఏడ్చేదానికి ఒక రాయి కావాల బావా. మనకు లేదు కాబట్టి ఎవురిదో వాడుకున్నాను. అంతే కదా."

మూఢత్వం అనే మాట నా నోటిదాకా వచ్చింది. బతుకంతా ఆ మాటతో పోరాడినవాణ్ణి, అది రాకుండా ఎలా ఉంటుంది? కానీ దాని వెనకే ఇంకొకటి వచ్చింది. అది అసూయ. భార్య పోయిన నాటి నుంచి నేను ఎక్కడా తల ఆనించలేదు. ఎక్కడ ఆనించాలో తెలియక, ఆఫీసులో లెక్కలు సరిచూసినట్టు, సరైన పనే చేశామని రోజూ నాకు నేనే చెప్పుకుంటున్నాను. సరైన పనే. ఇప్పుడూ అదే అంటాను. అయితే సరైన పనికి ఇంత నొప్పి ఉంటుందని నేను ఏ సభలోనూ చెప్పలేదు. నాకే తెలియదు.

సాయంత్రం సముద్రం ఒడ్డున రాళ్ళ మీద కూర్చున్నాం. వెనక రోడ్డు నిండా జనం, ఐస్‌క్రీములు, సెల్ఫీలు. మరదలు నీళ్ళ వైపు చూస్తూ అడిగింది. "కాలేజీవాళ్ళకు పనైపోయినాక ఎముకలన్నా ఇస్తారేమో అడుగు బావా. ఒక్కటి చాలు. విల్లియనూరులో యాడన్నా పెట్టుకుంటాము. సామి వద్దు, అయ్యోరు వద్దు. సుమ్మా, ఊరికే ఒక చోటు."

"అడగొద్దని తనే చెప్పింది."

"నీకు చెప్పింది. నువ్వు విన్నావు. మీ ఇద్దురూ మాట్లాడుకున్నారు, తీర్మానం చేసుకున్నారు. కడసారి అక్క ముఖం చూడనిదాన్ని నేనుండాను, నన్నెవురన్నా అడిగినారా?"

అలలు రాళ్ళకు కొట్టుకుంటున్నాయి. నేను ఎంతసేపు ఆలోచించినా, ఆమె ప్రశ్నలో తప్పు కనిపించలేదు. నా భార్య మాటలోనూ కనిపించలేదు. ఎదుటివాళ్ళ వాదంలో పగులు వెతకడమే నేను నేర్చుకున్న విద్య. పగుళ్ళు లేని రెండు మాటల మధ్య ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు.

"నేను అడగలేనమ్మా" అన్నాను. "తన శరీరం గురించి తను చెప్పిన ఆఖరి మాట. దాన్ని నేను కాదంటే, ఇక తనదంటూ ఏముంటుంది?"

ఆమె తల ఊపింది. ఒప్పుకున్నట్టు కాదు, విన్నానని చెప్పినట్టు. చేత్తో ముఖం తుడుచుకుని, "పోదాం రా, నీకు సముద్రం గాలి పడదు" అంది. అక్క కూడా అచ్చం అలాగే లేపేది నన్ను.

మర్నాడు బస్టాండులో కిటికీ పక్క సీటు దొరికింది. నీళ్ళ సీసా అందిస్తూ మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగాను.

"ఎవురికాడికి బావా?"

"నేను లేనా?"

"నువ్వుండావు." ఆమె గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేది. "నువ్వే వచ్చి పో హోసూరికి. ఏడాదికోసారన్నా రా. ఈడికి నేను రాలేను. ఊరు చూసేసినాను కదా."

బస్సు కదిలింది. ఈ ఊళ్ళో పుట్టిన మనిషి, మా ఇంటికొచ్చి పోయిన చుట్టాలందరిలాగా, కిటికీలోంచి చెయ్యి ఊపింది.